వెలుగు తోడు

జనం చేత తాగించడమే నూకరత్నం ఉద్యోగం.

విశాఖపట్నంలో కొండవాలున ఉన్న ఆ పరిశోధనాసుపత్రిలో, ఎమ్మారై గది ముందు ఆమెకొక స్టూలు, ఒక బల్ల ఉండేవి. కడుపు స్కానింగుకి వచ్చినవాళ్ళు యంత్రంలోకి వెళ్ళేముందు లీటరు ద్రావణం తాగాలి. తాగితేనే తెర మీద పేగులు పేగుల్లా విడివిడిగా కనబడతాయి. లేకపోతే లోపలున్నవన్నీ కలిసిపోయి బూడిదరంగు ముద్దలా ఉంటాయి. ఆ ద్రావణం సున్నపు నీళ్ళలో పంచదార కలిపినట్టుండేది. పెద్దవాళ్ళు ముక్కు మూసుకుని మింగేవారు. పిల్లలు రెండు గుక్కలు తాగి, మూడోది నూకరత్నం చీర మీద కక్కేవారు.

అదే విభాగంలో డాక్టర్ భ్రమరాంబ ఆరేళ్ళుగా ఒకే పని మీద ఉంది. పెరుగు తోడులో ఉండే సూక్ష్మజీవుల్లో ఒక రకం మాంగనీసుని ఎక్కడున్నా ఏరుకుని ఒంట్లో దాచుకుంటుంది. ఆ గుణాన్ని ఆవిడ వందరెట్లు పెంచింది. చిటికెడు మాంగనీసు ఉప్పు కలిపిన పాలలో ఆ తోడు వేస్తే, తయారైన పెరుగు యంత్రంలోని అయస్కాంతం ముందు తెల్లగా వెలుగుతుంది. లీటరు ద్రావణం అక్కర్లేదు, ఒక కప్పు పెరుగు చాలు. ఏ ఊళ్ళో అయినా పాలుంటే చాలు, ఎవరైనా తయారు చేసుకోవచ్చు.

చిక్కల్లా, ల్యాబులో ఆ పెరుగు తోడుకునేది కాదు. ఒకసారి నీళ్ళలా, ఒకసారి జిగురులా వచ్చేది. ఒకరోజు నూకరత్నం సీసాలు కడుగుతూ చూసి ఊరుకోలేకపోయింది.

"మేడమ్, ఏటనుకోకండి. పాలు బాగా మరిగించి, చిటికెన వేలు పెడితే ఓర్చుకునేంత వేడి ఉన్నప్పుడు తోడెయ్యాల. ఏసినాక కదపకూడదు. మీవోళ్ళు గంటకోసారి తీసి చూసేత్తన్నారు."

భ్రమరాంబ నవ్వి, "అయితే నువ్వే పెట్టు చూద్దాం," అంది.

మర్నాటికి గిన్నె బోర్లించినా జారనంత గట్టిగా తోడుకుంది. ఆ తరవాత నూకరత్నం స్టూలు ల్యాబులోకి మారింది. ఆ పెరుగు తాగి మొదటిసారి యంత్రంలోకి వెళ్ళిన పిల్ల, పాడేరు నుంచి వచ్చిన ఏడేళ్ళ పిల్ల, కప్పు నాకి ఇంకొంచెం పెట్టమంది. స్కానింగు చేసే ఫణిభూషణ్ తెర మీద బొమ్మ చూపిస్తే, మెలికలు మెలికలుగా పేగంతా మల్లెపూల దండలా తెల్లగా ఉంది. అందులో ఒకచోట నల్లటి పుండు. అంతకుముందు మూడు స్కానింగుల్లో ఎవరికీ కనబడని పుండు.

భ్రమరాంబ కళ్ళు తుడుచుకోవడం నూకరత్నం చూసింది.

ఆ ఏడాది అక్టోబరులో తుఫాను వచ్చింది. నగరంలో ఒక్క స్తంభం నిలబడలేదు. ఆసుపత్రి జనరేటరు రెండోరోజుకి ఆగిపోయింది. ఉన్న కాస్త డీజిలూ ఐసీయూకి మళ్ళించారు. తోడుని దాచిన శీతల పెట్టెలు ఒకటొకటే వేడెక్కసాగాయి. మూడోరోజు పొద్దున్న భ్రమరాంబ విరిగిన చెట్లు దాటుకుంటూ, తడిసిన చీరతో హార్బరు వెనక వీధిలో నూకరత్నం ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. చేతిలో మూతపెట్టిన స్టీలు గిన్నెలు మూడు.

"రత్నం, ఇది చచ్చిపోతే ఆరేళ్ళ పని చచ్చిపోయినట్టే. కరెంటు లేకుండా దీన్ని బతికించగలిగింది నువ్వొక్కదానివే. రోజూ పాలలో తోడు పెడుతూ ఉండు. కరెంటు రాగానే తీసుకుంటాను."

"అలాగే మేడమ్. రోజూ తోడెడితే మిగిలిన పెరుగేటి సెయ్యాల? తినొచ్చా?"

భ్రమరాంబ ఒక్క క్షణం ఆలోచించింది. "మాంగనీసు ఉప్పు కలపకపోతే ఇది ఉట్టి పెరుగే. తినొచ్చు," అంది.

కరెంటు రావడానికి ఇంకా తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వీధిలో గేదెపాలు దొరికాయి గానీ కూరగాయలు లేవు, చేపల వేట లేదు. నూకరత్నం, ఆమె భర్త దాలినాయుడు ఆ పెరుగన్నమే తిన్నారు. పక్కింటి కన్నమ్మ వంటింట్లోకి నీళ్ళు వచ్చి తోడుగిన్నె కొట్టుకుపోయింది. ఆమె చిన్న గ్లాసు పట్టుకొచ్చి, "వదినా, కాసింత తోడు పెట్టు," అని అడిగింది. నూకరత్నం ఇచ్చింది.

పదోరోజు ఆమె గిన్నెలు ల్యాబుకి పట్టుకెళ్ళింది. తోడు బతికే ఉంది. భ్రమరాంబ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకోబోతే నూకరత్నం సిగ్గుపడి వెనక్కి లాక్కుంది.

గిన్నెలు వెళ్ళాయి గానీ తోడు ఇంట్లో ఉండిపోయింది. అలాంటి పెరుగు ఆ వీధి ఎరగదు. మూడురోజులున్నా పులవదు, కత్తితో కోసినట్టు తెగుతుంది. ఆ తోడు కన్నమ్మ ఇంటినుంచి ఎదురింటికి, అక్కణ్ణుంచి మూలమీద టీ కొట్టుకి వెళ్ళింది.

దాలినాయుడు పడవలకి పేర్లు రాస్తాడు. ఫిషింగ్ హార్బరులో సగం మరపడవల మీద అతని అక్షరాలే. తాడు పట్టుకుని కొలవడు, గీత గీసుకోడు. కుంచె తీసుకుని ఒకవైపు నుంచి మొదలెడితే రెండోవైపుకి సరిగ్గా సరిపోతుంది. పెళ్ళికి ముందు ఒకసారి పచ్చకామెర్లొచ్చి నాలుగు నెలలు మంచం పట్టాడు. బతికాడు గానీ కాలేయం సగం పాడయిందని, జాగ్రత్తగా ఉండమని డాక్టర్లు చెప్పారు. అందుకే అతను కల్లుజోలికి పోడు. పెరుగన్నమంటే మాత్రం ప్రాణం. రోజుకి రెండుపూటలూ అదే.

తుఫాను వెళ్ళిన రెండో వేసవిలో ఒక పడవ యజమాని ఇంటికొచ్చి గొడవపెట్టాడు.

"ఏటి నాయుడూ, తాగి రాసినావా? ఓపాలి వొచ్చి సూడు."

నూకరత్నం కూడా వెళ్ళింది. నీలంరంగు పడవ మీద 'శ్రీ నూకాలమ్మ తల్లి' అని ఉంది. 'శ్రీ' మూరెడు ఎత్తు. అక్కణ్ణుంచి అక్షరాలు ఒకదాని వెనక ఒకటి చిన్నవవుతూ, 'తల్లి' దగ్గరికొచ్చేసరికి చీమల్లా అయిపోయాయి. దాలినాయుడు దాన్ని చాలాసేపు చూశాడు.

"నాను ఒకే సైజులో రాసినాను. నా సెయ్యికి అలాగే అనిపించింది," అన్నాడు మెల్లగా.

యజమాని నవ్వబోయి ఆగిపోయాడు.

తరవాత నడక మారింది. మడమ ఆన్చకుండా కోడిపుంజులా మునివేళ్ళ మీద నడిచేవాడు. వెనక్కి ఒక అడుగు వెయ్యాలంటే వెల్లకిలా పడిపోయేవాడు. ముఖంలో కదలిక పోయింది. నవ్వొచ్చే సంగతి ఏదీ లేకుండానే నవ్వు మొదలయ్యేది, ఆపుకోలేక కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. డాక్టర్లు రంగుల వాసన వల్లనే అన్నారు. ఇరవయ్యేళ్ళు రంగుల్లో బతికినవాడికి ఇప్పుడెందుకొచ్చిందని నూకరత్నం అడిగితే, అలాగే వస్తుందన్నారు.

ఆమె ఫణిభూషణ్‌ని బతిమాలింది. ఒకరోజు పొద్దున్నే, రోగులు రాకముందు, అతను దాలినాయుణ్ణి యంత్రంలో పడుకోబెట్టి తలకి స్కాన్ తీశాడు. తెర మీద మెదడు బొమ్మ పొరలు పొరలుగా వస్తోంది. నట్టనడుమ, అటొకటి ఇటొకటి, రెండు చింతపిక్కలంత మేర తెల్లగా వెలుగుతోంది.

"ఇదేంటిది?" అన్నాడు ఫణిభూషణ్.

నూకరత్నానికి చదువు ఎనిమిదో తరగతితో ఆగింది. కానీ ఆ తెలుపు ఆమెకి తెలుసు. రోజుకి పదిమంది కడుపుల్లో చూసే తెలుపే.

"బాబూ, కిందికి దించి కడుపు కూడా తియ్యండి."

"ఏమైనా తాగాడా?"

"నిన్న సాయంత్రం నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు."

ఫణిభూషణ్ బల్ల జరిపాడు. ఏమీ తాగని ఆ కడుపులో పేగంతా, మొదలు నుంచి చివరిదాకా, తెల్లగా వెలిగిపోతోంది.

అతను ఫోన్ చేస్తే భ్రమరాంబ పరుగున వచ్చింది. తెర ముందు నిలబడి, తరవాత కుర్చీ వెతుక్కుని కూర్చుంది.

"రత్నం, ఆ తోడు మీ ఇంట్లో ఇంకా ఉందా?"

"ఉంది మేడమ్. వీధంతా ఉంది."

భ్రమరాంబ తనకి తాను చెప్పుకుంటున్నట్టు చెప్పింది. ఒక్క కప్పు తాగితే ఆ జీవులు రెండురోజుల్లో బయటికి పోతాయి. రోజూ తింటే పేగు గోడల్లో కాపురం పెట్టేశాయి. ఉప్పు వెయ్యకపోయినా అవి ఊరుకోలేదు. టీలోంచి, గోంగూరలోంచి, బియ్యంలోంచి మాంగనీసు ఏరుకుంటూ వచ్చాయి. అవి చచ్చినప్పుడల్లా దాచుకున్నదంతా నెత్తురులోకి వదులుతాయి. కాలేయం బాగున్నవాళ్ళకి అది పైత్యరసంతో బయటికి పోతుంది. దాలినాయుడికి పోయే దారి లేదు. అందుకని మెదడులో చేరి చేతినీ నడకనీ పాడుచేసింది.

"మీరు తినొచ్చన్నారు కదా మేడమ్," అంది నూకరత్నం. నిష్ఠూరంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగింది.

"అన్నాను," అంది భ్రమరాంబ.

వారం తిరక్కుండా సంగతి డైరెక్టరు దాకా వెళ్ళింది. అప్పటికే ఆ పెరుగు నలభై ఆసుపత్రుల్లో వాడుకలో ఉంది. విచారణ కమిటీ వేశారు. కమిటీ కూర్చునే ముందురోజు భ్రమరాంబ నూకరత్నాన్ని తన గదిలోకి పిలిచి తలుపు వేసింది. బల్ల మీద ఒక కాగితం ఉంది.

"చదువు."

నూకరత్నం కూడబలుక్కుని చదివింది. ల్యాబులోని తోడుని తన అంతట తానే, ఎవరికీ చెప్పకుండా ఇంటికి పట్టుకెళ్ళినట్టు రాసుంది.

"ఇది అబద్ధం కదా మేడమ్."

"అబద్ధమే." భ్రమరాంబ ముఖం ఎత్తలేదు. "నువ్వు సంతకం పెడితే ఇది దొంగతనం. పెట్టకపోతే ప్రయోగంలో తప్పు. ప్రయోగంలో తప్పయితే ల్యాబుకి తాళం వేస్తారు. తాళం వేస్తే మీ ఆయనకి మందు తయారు చేసేదెవరు? ఆ జీవుల్ని చంపే మందు నా దగ్గర సగం అయింది. ఇంకో నెల చాలు."

"మావ బాగవుతాడా?"

"నా శక్తికొద్దీ చేస్తాను."

నూకరత్నం కిటికీ వైపు చూసింది. కింద నడవలో దాలినాయుడు గోడ పట్టుకుని నిలబడి, ఎవరినీ చూడకుండా నవ్వుతున్నాడు. దారినపోయేవాళ్ళు తప్పుకుని పోతున్నారు. ఆమె పెన్ను తీసుకుంది.

కమిటీ ముందు ఒక పెద్దమనిషి భ్రమరాంబని అడిగాడు. "డాక్టర్, మీరుగా ఈమెకి ఏమైనా ఇచ్చారా?"

"ఇచ్చినట్టు రికార్డుల్లో లేదండీ."

నూకరత్నం తల దించుకుని కూర్చుంది. ఆ మాటలో అబద్ధమేమీ లేదు. తుఫానులో రికార్డు రాసిందెవరు? మర్నాడు ఆమెని ఉద్యోగంలోంచి తీసేశారు. పేపరులో పేరుతో సహా వేశారు.

మందు నెల కాకుండానే, ఇరవై రోజులకే వచ్చింది. కమిటీ వాళ్ళు విరుగుడు చూపించమని తొందరపెట్టారు. కుందేళ్ళ మీద ఇంకా చూడాల్సి ఉందని భ్రమరాంబకి తెలుసు. చూడలేదు. రోజుకి రెండు చొప్పున మూడురోజులు మాత్రలు. రెండోరోజు సాయంత్రానికి దాలినాయుడు తనంతట తాను లేచి కుర్చీలో కూర్చున్నాడు. మూడోరోజు పొద్దున్న లేవలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి, చేతులు కర్రల్లా బిగుసుకుపోయాయి, నోట మాట లేదు. మందు బాగానే పనిచేసింది. పేగులో ఉన్నవన్నీ ఒక్కసారే చచ్చాయి. రెండేళ్ళుగా దాచుకున్నదంతా ఒక్కసారే వదిలాయి. మళ్ళీ స్కాన్ తీస్తే కడుపు నల్లగా ఉంది. మెదడు మధ్య తెలుపు మాత్రం రెట్టింపయింది.

అతన్ని ఇంటికి తెచ్చుకున్న నాలుగోరోజు భ్రమరాంబ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. నూకరత్నం భర్తకి జావ పడుతోంది. సగం లోపలికి, సగం మెడ మీదికి.

"నేను నిజం చెప్పేస్తాను రత్నం. డైరెక్టరుకి రాసి ఇస్తాను."

"రాయండి మేడమ్."

"నన్ను తిట్టవేం?"

నూకరత్నం గుడ్డతో అతని మెడ తుడిచింది. "తిడితే మీకు కాస్త తేలికవుద్ది. నానెందుకు తిట్టాల?"

భ్రమరాంబ నిజంగానే రాసి ఇచ్చింది. మనసు కుదురుగా లేదని చెప్పి ఆవిణ్ణి సెలవు మీద పంపించేశారు. ఆ ఉత్తరం ఎక్కడుందో ఎవరికీ తెలీదు. సంతకం ఉన్న కాగితం మాత్రం ఫైల్లో ఉంది.

అప్పటికి నూకరత్నానికి ఇంకో భయం పట్టుకుంది. తన ఇంట్లో గిన్నె పారబోసింది, సరే. కాలేయం బాగోనివాళ్ళు దాలినాయుడొక్కడేనా? ఆమె వీధిలో పద్నాలుగిళ్ళకీ వెళ్ళింది. తలుపు తట్టి, ఆ తోడు పారేసి గిన్నెలు మరిగే నీళ్ళతో కడగమని చెప్పింది. కొందరు భయపడి పారబోశారు. కొందరు, "దొంగసొమ్ము మాకంటగట్టినావా?" అని మొహం మీద తలుపేశారు. మూలమీద టీకొట్టువాడు మాత్రం, "నాకేటైంది? గుండ్రాయిలాగ ఉన్నాను. ఇలాంటి పెరుగు పారేస్తారేటి?" అన్నాడు. ఆమె చూస్తుండగానే ఒక గరిటె తీసి మజ్జిగ చిలికాడు.

కన్నమ్మ పారబోసింది. పారబోసి, అక్కడే కూలబడింది.

"వదినా, మా గౌరి..."

కన్నమ్మ కూతురు గౌరిని బరంపురంలో ఇచ్చారు. కడుపుతో పుట్టింటికొచ్చి, మొన్న వైశాఖంలో అత్తవారింటికి వెళ్తూ తోడు పట్టుకెళ్ళింది. ఫోన్ చేసి చెబితే అల్లుడు నవ్వాడట. పెరుగు తింటే జబ్బొస్తుందా అత్తా, అన్నాడట.

"నువ్వు ల్యాబులో సేసినావు. నువ్వు సెప్తే ఇంటారు," అంది కన్నమ్మ.

"పేపర్లో దొంగ అన్నారు నన్ను."

"బరంపురంలో ఆ పేపరు రాదు వదినా."

దాలినాయుణ్ణి కన్నమ్మకి అప్పజెప్పి నూకరత్నం పొద్దుటి రైలెక్కింది. దారిపొడుగునా ఏం చెప్పాలో కూడగట్టుకుంది. మాంగనీసు, పేగు గోడలు, కాలేయం, పైత్యరసం. భ్రమరాంబ చెప్పినట్టే చెప్పాలి, ఒక్క మాట తప్పిపోకూడదు. గర్భంలో ఉన్న బిడ్డకి కాలేయం ఇంకా పనిలోకి రాదని ఫణిభూషణ్ చెప్పాడు. అది ముందు చెప్పాలి.

గౌరి అత్తవారిది మెస్సు. ఆ సంగతి కన్నమ్మ ఎప్పుడో చెప్పింది గానీ, ఎంత పెద్దదో నూకరత్నానికి తెలీదు. స్టేషనుకి దగ్గర్లో రెండు హాళ్ళు, బారుగా బల్లలు. మధ్యాహ్నం భోజనాల వేళ. కాలేజీ పిల్లలు, లారీ డ్రైవర్లు, పక్కనున్న ఆసుపత్రికి వచ్చిన రోగులూ వాళ్ళ మనుషులూ కిక్కిరిసి ఉన్నారు. గౌరి మామగారు, తెల్ల బనీను వేసుకున్న భారీ మనిషి, ఆమెని చూసి కోడలి తరపు మనిషని గుర్తుపట్టి ఎదురొచ్చాడు.

"రండమ్మా రండి. గౌరిని స్కానింగుకి తీసుకెళ్ళారు, వచ్చేస్తది. ముందు కూకోని భోజనం సెయ్యండి."

"భోజనం వొద్దు బాబూ. నానొక మాట సెప్పాల. ఆ పెరుగు..."

"పెరుగా?" ఆయన ముఖం విప్పారింది. "అది మా కోడలు తెచ్చిన లక్ష్మి అమ్మా. ఆ పెరుగు కోసవే వస్తన్నారు జనం. ఒరే, ఈవిడకి ఇటు పెరుగేసుకు రా!"

ఎదురు బల్ల దగ్గర ఒక ముసలాయన కూర్చున్నాడు. చేతికి ఆసుపత్రి పట్టీ. కళ్ళు రెండూ పసుపు నీళ్ళల్లో ముంచినట్టున్నాయి. పక్కనున్న ఆవిడ, కూతురు కాబోలు, అతని విస్తట్లో పెరుగన్నం మెత్తగా కలుపుతోంది. "ఇదొక్కటే తినగలుగుతన్నావు నాన్నా, ఇంకొంచెం తిను," అంటోంది.

నూకరత్నం కూడగట్టుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. ఆమె నేరుగా వడ్డన బల్ల దగ్గరికి వెళ్ళింది. దాని మీద రెండు చేతులకీ అందనంత పెద్ద స్టీలు గంగాళం ఉంది, నిండుగా. అంచు పట్టుకుని బలమంతా పెట్టి తోసింది. అది బల్ల దిగి నేలమీద పడ్డ చప్పుడికి రెండు హాళ్ళలోనూ తలలు ఇటు తిరిగాయి. పెరుగు ముక్కలుముక్కలుగా జనం కాళ్ళ దాకా పాకింది.

ఎవరో ఆమె జబ్బ పట్టుకున్నారు. ఎవరో పిచ్చిదన్నారు. ముసలాయన కూతురు తండ్రిని లేవదీసి వెనక్కి లాగింది.

"నీకేటి పోయేకాలమొచ్చింది?" గౌరి మామగారు అరిచాడు. "ఇంటికొచ్చిన మనిషని మర్యాద సేస్తే..."

"బాబూ, నా మాట ఇనండి. అది విషం. నానే తోడెట్టినాను. నా సేత్తో నానే ఇచ్చినాను." ఏడుపు రాకుండా పళ్ళు బిగించింది నూకరత్నం. "నన్ను పోలీసులకి ఇచ్చేయండి, కొట్టండి. ముందు ఒక్క మాట సెప్పండి. ఈ తోడు ఇక్కణ్ణుంచి ఇంకెవరికైనా ఇచ్చినారా?"

ఆయన ఆమెని ఎగాదిగా చూశాడు. ఇదేం ప్రశ్న అన్నట్టు చూశాడు.

"అడిగినోళ్ళందరికీ ఇచ్చినాం. తోడు అడిగితే లేదంటారేటమ్మా ఎవరైనా?"